పురపాలక సంఘం వారి ముఖం

చినరేవు పురపాలక సంఘంలో ప్రజారోగ్య విభాగం సీనియర్ అసిస్టెంటుగా నేను పద్నాలుగేళ్ళుగా ఉత్తర్వులు రాస్తున్నాను. దోమల మందు కొట్టించే ఉత్తర్వు దగ్గర్నుంచి వీధి కుక్కలను పట్టించే ఉత్తర్వు దాకా అన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. పారిశుద్ధ్య కార్మికులు ఎండలోకి రావడాన్ని నిషేధిస్తూ మొన్న మార్చిలో వెలువడిన ఉత్తర్వు కూడా నేను రాసిందే. అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదని కమిషనర్ గారు మెచ్చుకున్నారు. అది ఎందుకు రాయవలసి వచ్చిందో, దాని వల్ల ఏడో వార్డు నూకరత్నానికి ఏం జరిగిందో చెబుతాను.

జనవరిలో రాజధాని నుంచి ఊళ్ళ ర్యాంకులు వచ్చాయి. చెత్తకు, మంచినీళ్ళకు, వీధి దీపాలకు ఎప్పటిలాగే మార్కులు ఉన్నాయి. ఈసారి కొత్తగా ‘ప్రసన్న వదన సూచిక’ అని ఇంకో వంద మార్కులు చేర్చారు. వీధిలో కనబడే సిబ్బంది ముఖాలు ఎంత తాజాగా, యవ్వనంగా ఉంటే పౌరుడికి పాలన మీద అంత విశ్వాసం కలుగుతుందని ఎవరో అధ్యయనం చేసి తేల్చారట. పరిశీలకులు ట్యాబు పట్టుకుని వస్తారు. చీపురు చేతిలో ఉన్నవాళ్ళ ఫొటోలు తీస్తారు. ముడతలు, మచ్చలు, కళ్ళ కింది నలుపు చూసి మార్కు ఆ ట్యాబే వేస్తుంది. నాలుగు వందల పన్నెండు ఊళ్ళలో మాది నాలుగు వందల పదకొండో స్థానం. మా తరవాతి ఊరివాళ్ళు ఫొటోలే తీయనివ్వలేదు.

కమిషనర్ ప్రభంజన్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన సమావేశాల్లో కూర్చోరు. నిలబడి, రెండు చేతులూ బల్లకు ఆనించి మాట్లాడతారు.

“మన రోడ్లు ఫరవాలేదు. కాలవలు ఒక మోస్తరుగా పారుతున్నాయి. మనల్ని ముంచింది ముఖాలు,” అన్నారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ గోవిందు లేచాడు. “రోజంతా ఎండలో పనండి. మొహాలు అలాగే ఉంటాయి మరి.”

“కారణాలు అడగలేదు ఇన్‌స్పెక్టర్ గారూ, పరిష్కారం అడిగాను.”

గోవిందు కూర్చున్నాడు. పరిష్కారం కమిషనర్ గారి దగ్గరే సిద్ధంగా ఉంది. ఆ మధ్య విశాఖపట్నంలో ఏదో పెళ్ళికి వెళితే అరవై దాటినావిడ ఒకామె నలభై ఏళ్ళదానిలా కనిపించిందట. ఏమిటి సంగతని విచారిస్తే, ముఖానికి లేజర్ చేయించుకుందని తెలిసిందట. “ఒక వ్యక్తికి సాధ్యమైనది ఒక వ్యవస్థకు ఎందుకు సాధ్యం కాదు?” అని ఆయన మమ్మల్ని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. మౌనాన్ని ఏకగ్రీవ ఆమోదంగా నమోదు చేయమని నాకు చెప్పారు. నమోదు చేశాను. పథకానికి ‘వదన వికాసం’ అని పేరు పెట్టారు.

ఫిబ్రవరిలో లేజర్ యంత్రం వచ్చింది. దానికి చల్లటి గది కావాలి. మా ఆఫీసులో కమిషనర్ గారి గది కాక ఏసీ పనిచేసేది పిల్లలకు టీకాలు వేసే గది ఒక్కటే. టీకాలను ఐసు పెట్టెలో పెట్టి వరండాలోకి మార్చాం. యంత్రానికి దండ వేసి, కమిషనర్ గారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ ఎత్తారు. “సార్, నీళ్ళు దీని మీద పడితే మళ్ళీ పని చెయ్యదు,” అని కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అడ్డం నిలబడింది. కాయ గుమ్మం బయట కొట్టారు.

ఆ డాక్టరమ్మ పేరు మెహరున్నీసా. గుంటూరు వైపు మనిషి. చర్మవైద్యం చదివి, కాంట్రాక్టు మీద మా దగ్గర చేరింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది కాబట్టి మా ఆఫీసులో ఎక్కువ కాలం ఉండదని మేమంతా అనుకున్నాం.

యంత్రం వచ్చిన మర్నాడే నేను సర్క్యులర్ రాశాను. “ముఖాంకం అరవైకి లోబడిన ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య సిబ్బందిని జూన్ ఒకటవ తేదీ నుండి కొనసాగించు విషయం పరిశీలనార్హము కాజాలదు.” తరవాత అందరికీ ట్యాబుతో ఫొటోలు తీశారు. నూట నలభై ముగ్గురిలో అరవై మార్కులు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ సాయంత్రం నూకరత్నం మా విభాగం కిటికీ దగ్గరికి వచ్చింది. వయసు నలభై ఆరు. ఏడో వార్డులో, అంటే చేపల మార్కెట్టూ దాని వెనక బస్టాండూ ఉన్న వార్డులో, పందొమ్మిదేళ్ళుగా ఊడుస్తోంది. పడవల మీద పనికి వెళ్ళే భర్త సింహాచలం నడుం పడిపోయి మూడేళ్ళుగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లు గడిచేది ఈమె మీదే. ముక్కుకు అటూ ఇటూ, బుగ్గల నిండా నల్లగా మంగు.

“నాకు ముప్పై ఒకటి వచ్చిందంటండి. పాసేనా బాబుగారూ?”

“కాదు నూకరత్నం. అరవై రావాలి.”

“ఇస్కూల్లో ముప్పై ఐదుకే పాసు చేస్తారు కదండీ. నాలుగు మార్కులు కలపలేరా?”

“మార్కులు వేసేది మేం కాదు, ట్యాబు.”

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. “పని బాగా సేత్తే ఉంచుతారనుకున్నానండి ఇన్నాళ్ళూ. మొకం సంగతి ముందే సెప్పుంటే ఏదో ఒకటి రాసుకుందును,” అంది. అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే తన వైపు లోపం జరిగిందనుకుంటోంది.

లబ్ధిదారుల నమోదు నా పని కాబట్టి, ఆమె మొదటి సిట్టింగు రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. బల్ల మీద పడుకోబెట్టి కళ్ళకు నల్లటి మూతలు పెడుతుంటే ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“ఏం లేదమ్మా, ఆ వెలుగు కంట్లో పడకూడదు,” అంది డాక్టరమ్మ. “రబ్బరు బ్యాండుతో టపటపా కొట్టినట్టు ఉంటది. ఓర్చుకుంటావా?”

“సేపల మార్కెట్టు వాసనే ఓర్సుకున్నానమ్మా. కొట్టండి.”

యంత్రం చిటచిటలాడింది. గదిలో వెంట్రుక కాలిన వాసన వచ్చింది. పది నిమిషాల్లో అయిపోయింది. ముఖం మీద చల్లటి గుడ్డ వేశాక నూకరత్నం అడిగింది. “మెడకి కూడా కొట్టండమ్మా. పైన తెల్లగా, కింద నల్లగా ఉంటే మసికుండ మీద సిబ్బి బోర్లించినట్టుంటాది.”

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పథకం ఉత్తర్వు తీసి చూశాను. “ముఖమనగా నుదుటి పైభాగమున కేశముల మొదలు నుండి చుబుకము దిగువ అంచు వరకు గల ప్రదేశము” అని అందులో ఉంది. రాసింది నేనే.

“మెడ పథకం పరిధిలో లేదు,” అన్నాను.

“పోనీలెండి బాబుగారూ, కొంగు కప్పుకుంటాను,” అంది నూకరత్నం.

డాక్టరమ్మ చీటీ రాస్తూ అంది. “జాగ్రత్తగా విను. ఆరు సిట్టింగులు అయ్యేదాకా ఎండ తగలకూడదు. అయ్యాక కూడా మూడు నెలలు తగలకూడదు. తగిలిందా, ఈ మంగు ఇప్పటికంటే ముదురుద్ది.”

“ఎండ తగలకుండా వీది ఎలా ఊడవాలమ్మా?”

“నేనూ అదే అడిగా కమిషనర్ గారిని. లేజర్ సంగతి మీరు చూసుకోండి, ఎండ సంగతి ఆఫీసు చూసుకుంటది అన్నారు.”

ఆఫీసు చూసుకోలేదు. చీటీలు చీటీల్లాగే ఉన్నాయి, కార్మికులు ఎప్పటిలాగే వీధుల్లో ఉన్నారు. పన్నెండు రోజుల తరవాత మళ్ళీ ఫొటోలు తీస్తే మార్కులు తగ్గాయి. నూకరత్నానికి ముప్పై ఒకటి కాస్తా ఇరవై ఏడు అయింది. బుగ్గలు కమిలి, మంగు నుదుటి మీదికి కూడా పాకింది.

కమిషనర్ గారు నన్ను పిలిచారు. బల్ల మీద కార్మికుల ఫొటోలు పరిచి ఉన్నాయి.

“పట్టాభి గారూ, ప్రభుత్వ ధనంతో వేసిన రోడ్డును ఎవరైనా తవ్వితే ఏమంటాం?”

“ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారంటామండి.”

“ప్రభుత్వ ధనంతో మెరుగుపరిచిన ముఖాన్ని ఒకరు తీసుకెళ్ళి ఎండలో పెడితే?”

నేను కలం తీశాను.

“రాయండి,” అన్నారాయన.

మొదట చెప్పిన ఉత్తర్వు అదే. వదన వికాసం పథకం కింద చికిత్స పొందిన ప్రతి ముఖమూ పురపాలక సంఘం ఆస్తి అవుతుంది. దానిని ధరించిన వ్యక్తి సదరు ఆస్తికి సంరక్షకుడు మాత్రమే. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు దానిని ఎండకు గురిచేయరాదు. చేసినచో కలుగు నష్టానికి సంరక్షకుడే పూచీ. ప్రతి ముఖానికీ ఒక సంఖ్య ఇచ్చి చరాస్తుల రిజిస్టరులో ఎక్కించాం. నూకరత్నం గుర్తింపు కార్డు మీద ‘చి.పు.సం./ముఖం/07/19’ అని ముద్ర వేసి, ఉత్తర్వు సారాంశం కార్డు వెనక అంటించాం.

తెల్లవారకముందే ఊడిపించవచ్చు కదా అని గోవిందు అడిగాడు. నిద్ర చాలకపోతే కళ్ళ కింద నలుపు వస్తుందనీ, దానికి ఎనిమిది మార్కులు పోతాయనీ కమిషనర్ గారు ట్యాబులో చూపించారు.

నూట నలభై ముగ్గురినీ పురపాలక కల్యాణ మండపంలో కూర్చోబెట్టాం. దానికి ‘ఛాయా కేంద్రం’ అని బోర్డు కట్టాం. ఉదయం హాజరు, సాయంత్రం హాజరు, మధ్యలో నీడ. మొదటి రోజు అందరూ చీపుళ్ళు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాళ్ళలా కూర్చున్నారు. నూకరత్నం ఆ మండపాన్ని పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఊడ్చింది. రెండో రోజు మధ్యాహ్నం గోడకు చేరబడి నిద్రపోయింది. పందొమ్మిదేళ్ళలో పట్టపగలు నిద్రపోవడం అదే మొదటిసారి అని లేచాక చెప్పింది. అలా చెప్పడానికి సిగ్గుపడింది కూడా.

ఊరు మాత్రం నిద్రపోలేదు. వారం తిరిగేసరికి బస్టాండు ముందు చెత్త నడుం ఎత్తున లేచింది. చేపల మార్కెట్టు వెనక కాలవ పొంగి రోడ్డెక్కింది. పదిహేనో రోజున మార్కెట్టులో ఆడవాళ్ళంతా గంపలతో వచ్చి ఆఫీసు ముందు బైఠాయించారు. ఒక ముసలమ్మ చేతిలో అట్ట ముక్క మీద ‘మా కాలవకి కూడా లేజర్ కొట్టండి’ అని రాసి ఉంది.

కమిషనర్ గారు బాల్కనీలోకి వచ్చి మాట్లాడారు. “పరివర్తన దశలో స్వల్ప అసౌకర్యం సహజం. మీకు సేవ చేసే ముఖాలు ప్రస్తుతం నిర్మాణంలో ఉన్నాయి.” ఒక చేప పైకి లేచింది. బాల్కనీ దాకా రాలేదు.

మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది. “ఇంకనూ ప్రభుత్వపరము కాని ముఖములు గల సిబ్బంది” అందరూ తాత్కాలికంగా వీధులు శుభ్రం చేయాలి. అంటే మేం. గుమాస్తాలు, ఇంజనీర్లు, బిల్లు కలెక్టర్లు, ఇన్‌స్పెక్టర్లు. వార్డుకు ఒక పాత కార్మికుణ్ణి నీడ దాటకుండా ఉండి సలహాలు ఇవ్వడానికి నియమించారు. నాకు ఏడో వార్డు పడింది.

ఏప్రిల్ ఎండ. ఐసు దుకాణం పందిరి కింద నూకరత్నం గొడుగు పట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుంది. నేను ప్యాంటు మడిచి చీపురు పట్టుకున్నాను.

“గాలి ఎటొత్తుందో సూసుకోండి బాబుగారూ. ఎదురెల్లి ఊడిత్తే దుమ్మంతా మీ నోట్లోకే.”

నేను అటు తిరిగాను.

“నడుం కాదండి, మోకాలు వంచండి. నడుం వంచితే రేపు మంచం దిగలేరు.”

మోకాలు వంచాను. పది గజాలు ఊడ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఊడ్చిన చోట చేప పొలుసులు అలాగే మెరుస్తున్నాయి. కాలవలోంచి తీసిన బురద తట్ట లేపబోయి కాలు జారాను. నూకరత్నం ఒక్క అంగలో పందిరి దాటి వచ్చి తట్ట పట్టుకుంది.

“నూకరత్నం, ఆస్తి!” అని అరిచాను.

ఆమె గబుక్కున కొంగు ముఖం మీదికి లాక్కుని పందిరి కిందికి పరిగెత్తింది. ఐసు దుకాణం వాడు పగలబడి నవ్వాడు. మేమిద్దరం నవ్వలేదు. నష్టం జరిగితే పూచీ ఆమెది, నివేదిక రాయవలసింది నేను.

మధ్యాహ్నం నాకు ఐసు ముక్క వేసిన మజ్జిగ ఇప్పించింది. అప్పుడు ఆమె ముఖాన్ని తేరిపార చూశాను. నాలుగు సిట్టింగులు అయ్యాయి, నెల రోజులుగా ఎండ లేదు. మంగు చాలావరకు పోయింది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉన్నట్టు అప్పుడే తెలిసింది.

“మీ ఆయన ఏమన్నాడు?” అని అడిగాను.

“మొన్న పొద్దున్నే టీ ఇత్తంటే అలాగే సూత్తా ఉండిపోయాడండి. ఏటయ్యా అంటే, పెళ్ళైన కొత్తలో ఇలాగే ఉండేదానివే, మర్సిపోయాను అన్నాడు. ఇంకాసేపటికి ఏడిసాడు.” గొడుగు కర్ర తిప్పింది. “నాకూ గేపకం లేదండి. ఎండలోనే మారిపోయినట్టున్నాను. ఎప్పుడు మారానో సూసుకోలేదు.”

మజ్జిగ తాగాను. పథకం వల్ల కలిగిన సత్ఫలితాల కింద దీన్ని రాయవచ్చా అని ఆలోచించాను. ఏ గడిలో రాయాలో తోచలేదు.

మే తొమ్మిదిన పరిశీలక బృందం చెప్పకుండా దిగింది. ఆ రోజు బిల్లు కలెక్టర్లందరూ వడదెబ్బ అని సెలవు పెట్టారు. చేసేది లేక కమిషనర్ గారే బస్టాండు ముందు చీపురు పట్టుకున్నారు. ఎండకు ముక్కు మీద చర్మం లేచిపోయి ఉంది. బృందం నాయకుడు జీపు దిగుతూనే ట్యాబు ఎత్తి ఫొటో తీశాడు.

“అయ్యా, నేను కమిషనర్‌ని,” అన్నారు ప్రభంజన్ గారు.

“హోదాతో నిమిత్తం లేదండి. చీపురు ధరించి ఉన్న ముఖాన్నే పరిగణించాలని మార్గదర్శకాల్లో ఉంది.”

“మా అసలు ముఖాలు మండపంలో ఉన్నాయి. దయచేసి ఒక్కసారి రండి.”

బృందాన్ని మండపానికి తీసుకెళ్ళారు. నూట నలభై ముగ్గురూ లేచి నిలబడ్డారు. ముఖాలు నున్నగా, తేటగా, మెడలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. నాయకుడు ముచ్చటపడ్డాడు. వరసగా నలుగురైదుగురి మీద ట్యాబు పెట్టి చూశాడు కూడా. డెబ్భై, డెబ్భై రెండు. నూకరత్నానికి డెబ్భై నాలుగు.

“అద్భుతం. వీరు ఏ విధులు నిర్వహిస్తున్నారు?”

“నీడలో ఉంటున్నారు,” అన్నారు కమిషనర్ గారు.

“నీడలో ఉండటం ప్రజాసేవగా నిర్వచింపబడలేదు,” అని ఆయన ట్యాబు మూసేశాడు. “వీధిలో లభ్యమైన ముఖాల సగటునే నమోదు చేస్తాం.”

వీధిలో లభ్యమైన ముఖాల్లో కమిషనర్ గారికి ఇరవై తొమ్మిది, నాకు ఇరవై రెండు. ఊరికి నాలుగు వందల పన్నెండో స్థానం వచ్చింది. ఫొటోలు తీయనివ్వని ఊరివాళ్ళు ఈసారి కూడా తీయనివ్వలేదు. కానీ వాళ్ళు మాకంటే ఒక మెట్టు పైకి వెళ్ళారు.

ఆ మర్నాడు కమిషనర్ గారు మండపానికి స్వయంగా వచ్చారు. ముక్కుకు తెల్లటి మందు పూసుకున్నారు. “పథకం లక్ష్యాలు నెరవేరాయి. రేపటి నుంచి అందరూ యథాప్రకారం వీధుల్లోకి వెళ్ళాలి,” అని ప్రకటించారు.

వెనక వరసలో నూకరత్నం లేచింది. “ఎల్తామండి. కార్డు ఎనకాల, మొకానికి ఏటైనా అయితే మాదే పూచీ అని అంటించారండి. అది కొట్టేసి ఇప్పించండి.”

“అది నేను చూసుకుంటానమ్మా.”

“మొదట్లో కూడా ఆపీసు సూసుకుంటాదన్నారండి. అప్పుడు నాకు నాలుగు మార్కులు తగ్గాయి.”

అందరూ తలలు ఊపారు. కమిషనర్ గారు నా వైపు తిరిగి, “ఆ ఉత్తర్వు రద్దు చేసేయండి పట్టాభి గారూ,” అన్నారు.

నేను నిబంధనల పుస్తకం తెప్పించి అక్కడే చూశాను. చరాస్తుల రిజిస్టరులో ఒకసారి ఎక్కిన వస్తువును తొలగించాలంటే అది దొంగతనానికి గురై ఉండాలి, లేదా ప్రకృతి వైపరీత్యంలో నశించి ఉండాలి, లేదా పనికిరానిదని సంబంధిత సాంకేతిక అధికారి ధ్రువీకరించాలి. మొదటి రెండూ జరగలేదు. సాంకేతిక అధికారి అంటే డాక్టరమ్మ. ఆమెను పిలిపించారు.

“ఒక్క సంతకం డాక్టర్ గారూ. ఈ ముఖాలు పనికిరానివని,” అన్నారు కమిషనర్ గారు.

మెహరున్నీసా నూకరత్నం దగ్గరికి వెళ్ళి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. “పనికిరాదని నేనెట్లా రాస్తానండీ? ఇంత చక్కగా ఉంటే. మీరు ఎండలోకి పంపితే నెలలో పాడవుద్ది. అప్పుడు పాడైందని రాస్తా, ఎవరు పాడు చేశారో కూడా రాస్తా.”

వాళ్ళు ఎండలోకి వెళ్ళకూడదు, వెళ్ళకపోతే ఊరు కుళ్ళిపోతుంది. కమిషనర్ గారు బల్లకు చేతులు ఆనించబోయారు గాని అక్కడ బల్ల లేదు.

నూకరత్నం మళ్ళీ మాట్లాడింది. ఈసారి నాతో. “బాబుగారూ, ఆపీసు జీపు కూడా ఆస్తేనా అండి?”

“ఆస్తే.”

“దానికి ఎండ తగలకుండా రేకుల సెడ్డు ఏసారు. పైన కవరు కప్పుతారు. దానికి నంబరుంది, నాకూ నంబరుంది. మరి నాకు సెడ్డేదండీ?”

కమిషనర్ గారికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఒక దారి కనబడింది. చరాస్తుల పరిరక్షణకు మాకు వేరే నిబంధనలున్నాయి. ఆ నిబంధనల ప్రకారం వచ్చే ఫైలును తిరస్కరించే అధికారం కమిషనర్ గారికి కూడా లేదు. ఆ పూటే కూర్చుని రాశాను. ప్రతి ఆస్తికీ ఒక వెడల్పాటి టోపీ; అది పెట్టుకున్నంతసేపూ ఆస్తిని ఎండకు గురిచేసినట్టు కాదు. ప్రతి వార్డులో ఆస్తులు సేదతీరడానికి ఒక రేకుల షెడ్డు, అందులో ఒక మంచినీళ్ళ కుండ. ఆస్తులను వీధిలో వినియోగించే వేళలు ఉదయం ఐదున్నర నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తరవాత.

రాస్తూ రాస్తూ బీరువాలోంచి ఒక పాత ఫైలు తీశాను. పారిశుద్ధ్య కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు కావాలని వాళ్ళ సంఘం నాలుగేళ్ళ కింద పెట్టిన అర్జీ. మూడుసార్లు పైకి వెళ్ళి, ‘కార్మికుల సౌకర్యములు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ బాధ్యత’ అని మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఆ తిరుగు జాబులు రాసిందీ నేనే. ఇప్పుడు ఆ తొడుగులనూ బూట్లనూ కొత్త ఫైలులో చేర్చాను.

సంతకం పెట్టబోతూ కమిషనర్ గారు ఆగారు. “ముఖానికీ చేతి తొడుగులకూ సంబంధం ఏమిటి?”

“చెమట పడితే మనిషి చేత్తోనే ముఖం తుడుచుకుంటాడండి. చేతికి బురద ఉంటే ఆస్తికి నష్టం.”

“మరి బూట్లు?”

“కాలు జారి పడితే ముందు నేలకు తగిలేది ముఖమేనండి. నా అనుభవంలో చూశాను.”

ఆయన చర్మం లేచిన ముక్కు మీది మందును ఒకసారి తడుముకుని సంతకం పెట్టారు. నాలుగేళ్ళు తిరిగిన ఫైలు నాలుగు గంటల్లో తేలింది. జూన్ ఒకటిన అందరికీ కొనసాగింపు కాగితాలు వచ్చాయి. నూట నలభై ముగ్గురు మనుషులు టోపీలు, తొడుగులు, బూట్లు వేసుకుని వీధుల్లోకి దిగారు. చేపల మార్కెట్టు ఆడవాళ్ళు వాళ్ళను చూసి చప్పట్లు కొట్టారు. తరవాత ఆలస్యంగా వచ్చినందుకు తిట్టారు.

అక్టోబరులో ఆస్తుల వార్షిక తనిఖీ జరిగింది. జిల్లా కేంద్రం నుంచి ఒక పెద్దవయసు ఆడిటరు వచ్చాడు. జీవితమంతా కుర్చీలూ బల్లలూ లెక్కపెట్టిన మనిషి. ఆఫీసు ఆవరణలో కుర్చీ వేయించుకుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వస్తువునూ పిలిచాడు. దోమల పొగ యంత్రాన్ని ఇద్దరు మోసుకొచ్చారు. టిక్కు పెట్టాడు.

“చి.పు.సం., ముఖం, సున్నా ఏడు, పంతొమ్మిది.”

“ఉన్నానండి,” అంది నూకరత్నం. టోపీ తీసి ముందుకు వచ్చింది.

ఆడిటరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “ముఖం, ఒకటి. ఉన్నది. స్థితి, బాగున్నది,” అని చదువుతూ రాశాడు.

“అందులో నా పేరుందాండీ?” అని నూకరత్నం నన్ను అడిగింది.

పందొమ్మిదేళ్ళుగా ఆమె జీతం ఏజెన్సీ బిల్లులో ‘పారిశుద్ధ్య సిబ్బంది, 143’ అనే ఒక్క వాక్యంలో వెళుతోంది. మా ఆఫీసు శాశ్వత రిజిస్టర్లలో ఇంకెక్కడా ఆమె పేరు లేదు. ఈ రిజిస్టరులోనే ఉంది. పొగ యంత్రానికి కింద, పాత శవవాహనానికి పైన. వేలు పెట్టి చూపించి చదివాను. “కొయ్య నూకరత్నం ముఖం.”

ఆమె వంగి, తొడుగు తీసి, ఆ అక్షరాల మీద వేలు ఆనించింది. చదువు రాదు గాని చాలాసేపు చూసింది.

“మొకం మీ ఆపీసుదంటున్నారు,” అంది ఆడిటరుతో. “మరి మనిషి ఎవరిదండీ?”

ఆయన కలం ఆపాడు. వెటకారమేమోనని ఆమె వైపు చూశాడు. కాదని తెలిశాక రిజిస్టరు రెండు పేజీలు వెనక్కి, రెండు పేజీలు ముందుకు తిప్పాడు. “మనిషి ఇందులో రాదమ్మా. దానికి వేరే రిజిస్టరు ఉండాలి,” అని నా వైపు చూశాడు.

“పదిలోగా ఐసు దుకాణం ఎనకాల కాలవ అయిపోవాలండి. ఎల్తాను,” అని నూకరత్నం టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను కొత్త రిజిస్టరు ఒకటి కావాలని స్టోర్సుకు ఇండెంటు పెట్టాను. ‘దేని నిమిత్తము’ అని ఉన్న గడిలో ‘మనుషులు’ అని రాశాను. అలాంటి శీర్షిక ఏదీ లేదనీ, సరైన వస్తువు పేరు రాసి మళ్ళీ పంపమనీ మర్నాడు పొద్దున్నే తిరిగి వచ్చింది.